వణుకు మీట

“గొంతుకు గొట్టం పెట్టి, ఊపిరి మిషను తగిలించమంటారా, గౌరీశుగారూ?” అని డాక్టర్ హైమవతి మూడోసారి అడిగింది.

మంచానికి ఎదురుగా ఉన్న టీవీలో ఎర్ర బనీను ఆటగాడు మూడోసారి కూడా తడుముకోకుండా ముందుకు దూకాడు. ముందుకు దూకితే అవునని, వెనక్కి గీత దగ్గరికి వస్తే కాదని ఆ ఇంట్లో పెట్టుకున్న గుర్తు.

“ఔనన్నాడు! సూసినారా మేడంగారూ, ముమ్మారూ ఔనన్నాడు!” అంటూ గౌరీశు భార్య నూకరత్నం మొగుడి పాదాలు రెండూ పట్టుకుని భోరుమంది. అది సంతోషమో, ఇన్నాళ్ళ భయం ఒక్కసారిగా దిగిపోవడమో ఆ పిల్లకే తెలియదు.

డాక్టరు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. గౌరీశు నోటితో చెప్పలేడు, చేత్తో సంతకం పెట్టలేడు. కనుగుడ్లు కూడా కిందటేడే మాట వినడం మానేశాయి. కాబట్టి ఈ జవాబే సంతకమని కాగితం మీద రాసుకుంది. రొమ్ము కండరాలు బాగా నీరసించాయని, ఇంక వారం కూడా ఆగకూడదని, రేపు మధ్యాహ్నం మూడింటికి అంబులెన్సుతో తనే వస్తానని చెప్పింది. పోతూ పోతూ గౌరీశు అక్క వరహాలమ్మ భుజం తట్టింది.

“నా దగ్గర ఇలాంటివాళ్ళు ఇంకా ముగ్గురున్నారమ్మా. వాళ్ళకూ ఒక్కో పెట్టె చేసిపెట్టాలి మీరు. మీలాంటి అక్క అందరికీ ఉండదు కదా.”

వరహాలమ్మ నవ్వబోయింది గాని మొహం సహకరించలేదు. పెరట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు చాటున నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చప్టా మీద కూలబడింది. ఇంట్లో అందరూ మురిసిపోయిన ఆ ‘అవును’ ఎవరిదో ఆమె ఒక్కదానికే తెలుసు. అందులో తమ్ముడిది నూటికి ఆరు పాళ్ళు. మిగతా తొంభై నాలుగూ పెట్టెవి.

వరహాలమ్మ ఆ ఊరి సర్కారు ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా ఈసీజీ తీస్తోంది. నాగావళి ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో నలభై దాటిన మగాళ్ళలో సగంమంది ఆమె ముందు చొక్కా విప్పి పడుకున్నవాళ్ళే. బజారులో ఎదురైతే పాపం, నమస్కారం పెట్టి గబగబా తప్పుకుంటారు. మనిషి మొహం మరిచిపోతుందేమో గాని, వాడి గుండె గీసిన గీత మాత్రం ఆమెకు గుర్తుంటుంది. పెళ్ళి చేసుకోలేదేమని అడిగినవాళ్ళకు, “ఇన్ని గుండెలు సూసినాక ఎవడిమీద నమ్మకం కుదురుతాది?” అని నవ్వేసేది. అసలు సంగతి వేరే. తల్లి పోయేనాటికి గౌరీశుకు ఏడేళ్ళు. వాణ్ణి పెంచడంలోనే ఆమె వయసు కరిగిపోయింది.

గౌరీశు డ్రిల్లు మాస్టారయ్యాడు. చెడుగుడులో జిల్లా జట్టుకు ఆడాడు. కూతకు వెళ్ళాడంటే ఎవణ్ణో ఒకణ్ణి తాకకుండా వెనక్కి వచ్చేవాడు కాదు. అలాంటివాడికి ముప్పై మూడో ఏట చేతిలోంచి ఈల జారిపోవడం మొదలైంది. తరవాత చెంచా జారింది, ఆపైన కాలు తడబడింది. నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బని, మందు లేదని పెద్దాసుపత్రివాళ్ళు చేతులెత్తేశారు. తెలివి మాత్రం చెక్కు చెదరదని, అన్నీ వింటాడని, అన్నీ తెలుస్తాయని అదేదో శుభవార్తలా చెప్పి పంపించారు.

మంచం పట్టిన మొదటి నెలలో గౌరీశు అక్కను అడిగింది ఒక్కటే. అప్పటికింకా మాట కొద్దికొద్దిగా వచ్చేది. “అప్పా, ఒక్కపాలి ఆడాలనుందే.”

ఆ ఒక్క మాట పట్టుకుని వరహాలమ్మ పెట్టె కట్టింది. ఆసుపత్రి అటక మీద పనికిరాదని పడేసిన పాత ఈసీజీ మిషనును పెద్ద డాక్టరును అడిగి తెచ్చుకుంది. కండరం కదలకపోయినా, కదలమని నరం పంపిన కబురు చర్మం మీద సన్నటి కరెంటుగా తగులుతుందని ఆమెకు చదువు చెప్పినవాళ్ళే చెప్పారు. తమ్ముడి కుడి ముంజేతికి మూడు, ఎడమ ముంజేతికి మూడు జిగురు బిళ్ళలు అంటించింది. వాటి తీగలను పాత మిషను లోపలి సర్క్యూట్ పలకకు, ఆ పలకను చేతిలో పట్టేంత చిన్న కంప్యూటరుకు కలిపింది. కుడి చెయ్యి బిగించాలనుకుంటే ముందుకు, ఎడమ చెయ్యి బిగించాలనుకుంటే వెనక్కి. ఇంటర్నెట్టులో పాఠాలు చూసుకుంటూ, తిట్టుకుంటూ, ఐదు నెలలు కూర్చుని ఒక చెడుగుడు ఆట కూడా తయారుచేసింది. చూడటానికి బొమ్మలు అగ్గిపుల్లల్లా ఉండేవి గాని ఆట ఆటే.

మొదటిరోజు ఎర్ర బనీను ఆటగాడు గౌరీశు తలచుకోగానే గీత దాటి దూకినప్పుడు, నూకరత్నం కెవ్వున కేకేసింది. ఆ పూట గౌరీశు రెండు వందలసార్లు కూతకు వెళ్ళాడు. ఆడుతున్నంతసేపూ కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడవబోతే చెయ్యి అడ్డొస్తుందని ‘ఊఁ ఊఁ’ అని కసిరాడు.

రెండేళ్ళు అలా గడిచాయి. తెలివిగల ఇళ్ళలో జబ్బుమనిషి చుట్టూ ఏడుస్తారు. వాళ్ళింట్లో స్కోరు గురించి పోట్లాడుకునేవారు.

ఎనిమిది నెలల కిందట గౌరీశు ఓడిపోవడం మొదలుపెట్టాడు. దూకాలనుకున్నప్పుడు బొమ్మ దూకేది కాదు. తెరమీద రెండు చేతుల కబురూ చూపించే గీతలు రోజురోజుకూ చదునైపోతున్నాయి. ఒక సాయంత్రం వరసగా పద్నాలుగుసార్లు ఓడాక, నూకరత్నం ఎంత పిలిచినా వాడు తరవాతి కూతకు వెళ్ళలేదు. ఆ రాత్రంతా ముక్కులో గొట్టం గుండా జావ పోస్తే కక్కేశాడు.

మర్నాడే వరహాలమ్మ ‘తోడు’ను పెట్టింది. పేరు ఆమె పెట్టుకున్నదే. రెండేళ్ళ ఆటంతా పెట్టెలో దాచి ఉంది. ఎక్కడ దూకాడు, ఎక్కడ ఆగాడు, ఎటు చూపించి ఎటు తాకాడు, అన్నీ. ఆ ఆటనంతా మేపితే, సగం కబురు విని మిగతా సగం ఊహించి పూరించే తెలివి దానికి వచ్చింది. పది పాళ్ళు సాయం చాలనుకుంది. బొమ్మ మళ్ళీ దూకింది, గౌరీశు మళ్ళీ గెలిచాడు. నూకరత్నం ఆ పూట పరవాన్నం వండింది. తరవాత పది ముప్పై అయింది, ముప్పై అరవై అయింది. సాయం పాళ్ళు పెంచడానికి పెట్టె వెనక ఉన్న చిన్న మరను ఎవరూ చూడకుండా ఒక్కో గీత తిప్పుతూ వచ్చింది వరహాలమ్మ. కిందటి నెలకు అది తొంభై నాలుగు దగ్గర ఆగింది. ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికైతే అసలే చెప్పలేదు. వాడు గెలుస్తున్నాననుకుంటే చాలు, బతుకుతాడు అనుకుంది. అది అబద్ధమని తెలుసు. తెలిసే ఆడింది.

ఆట వరకైతే సరే. కాని డాక్టరు అడిగింది ఆట కాదు. ‘తోడు’కు ప్రశ్నలూ జవాబులూ తెలియవు. కూత మొదలైతే గౌరీశు ముందుకు దూకుతాడు, దానికి తెలిసిన సంగతి అదొక్కటే. చావుబతుకుల ప్రశ్న కూడా దాని లెక్కన ఇంకో కూత.

మర్నాడు పొద్దున్నే నూకరత్నం పాలకోసం వెళ్ళినప్పుడు వరహాలమ్మ తలుపు దగ్గరగా వేసి, మరను సున్నాకు తిప్పింది. తమ్ముడి కనురెప్పలు వాలకుండా పైకెత్తి, దూది పెట్టి, టేపు వేసింది. అలా చేస్తే ఎదురుగా ఉన్నది వాడికి కనిపిస్తుంది.

“గౌరీశూ, నేనే. ఒక్కసారి కుడిచెయ్యి బిగించరా.”

గీత కదల్లేదు.

“పోనీ ఎడమది. కొంచెం. ఎంతొస్తే అంత.”

గుండె కొట్టుకున్నప్పుడల్లా లేచే ముల్లు తప్ప, రెండు గీతలూ స్కేలు పెట్టి గీసినట్టు అలాగే ఉన్నాయి. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి బతిమాలింది, కసిరింది, అమ్మ మీద ఒట్టు పెట్టింది. వాడి చూపు టీవీ మీద గుచ్చినట్టే ఉంది. లోపల తమ్ముడు ఉన్నాడో లేడో కూడా తెలియని ఇంటికి మూడింటికి అంబులెన్సు వస్తోంది. గొట్టం పెడితే గుండె ఆగేదాకా, పదేళ్ళయినా ఇరవయ్యేళ్ళయినా ఇలాగే కళ్ళు తెరుచుకుని పడుకోవాలి. పెట్టకపోతే వారం. ఏదైనా సరే వాడి నోట రావాలి. వాడి నోరు తను చేసిన పెట్టె. అది మూగబోయింది.

బయట గేటు చప్పుడైంది. వరహాలమ్మ మరను గభాల్న తొంభై నాలుగుకు తిప్పేసి, చీర సర్దుకుని, డ్యూటీకి బయలుదేరింది. సెలవు పెట్టాల్సిన రోజే. కాని ఆ గదిలో నూకరత్నం నవ్వుమొహం చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

ఆసుపత్రిలో ఆ రోజూ జనం మామూలే. ఆరో పేషెంటు ఒక ముసలాయన. చేతులూ గడ్డమూ ఆపకుండా వణుకుతున్నాయి. వరహాలమ్మ చన్నీళ్ళలాంటి జెల్లీ రాసి, తీగలు తగిలించి, ఇరవై రెండేళ్ళుగా చెప్పే మాటలే చెప్పింది. “కదలకు తాతా. సేతులు వొదులుగా ఒగ్గీ. గాలి బిగబట్టు.”

చూపు ముసలాయన మీదే ఉంది. కుడిచేతి చూపుడువేలు తనంతట తనే వెళ్ళి మిషను పక్కనున్న చిన్న మీటను నొక్కింది.

“ఏటమ్మా అది నొక్కినావు?” అన్నాడు ముసలాయన, కరెంటు కొడుతుందేమోనన్న భయంతో.

“ఏం లేదు తాతా. నీ వణుకు కాయితం మీద పడకుండా. అది నొక్కితే కండల అదురంతా పోయి గుండె ఒక్కటే...”

వరహాలమ్మ చూపు తన వేలి మీదికి, వేలి కింద ఉన్న మీట మీదికి వెళ్ళింది.

ఈసీజీ తీసేవాళ్ళకు కండరం శత్రువు. గుండె గీత మధ్యలో కండరాల అదురు వస్తే కాగితమంతా గడ్డి మొలిచినట్టు అవుతుంది, డాక్టర్లు మొహాన కొడతారు. అందుకే ప్రతి మిషనుకూ వణుకును వడకట్టే మీట ఒకటి ఉంటుంది. తీగలు తగిలించగానే మీట నొక్కడం వరహాలమ్మకు చెప్పులు విప్పి ఇంట్లోకి వెళ్ళడంలాంటి అలవాటు. ఆ పని చేశానని కూడా గుర్తుండదు.

పాత మిషను పలకను పెట్టెలో బిగించిన రోజున కూడా ఆమె వేలు ఆ పనే చేసింది. చేసి, దుమ్ము పడకుండా పైన నల్ల టేపు వేసింది. మొదట్లో గౌరీశు పట్టు గట్టిది కాబట్టి ఆ జల్లెడను కూడా దాటి వచ్చేది. కండ కరిగిపోయాక, నరాలు చాలావరకు చచ్చిపోయాక, మిగిలిన ఒకటీ అరా నరం పంపగలిగేది సన్నటి వణుకు మాత్రమే. ఆ వణుకునే పెట్టె చెత్తని పారేస్తూ వచ్చింది. ఎనిమిది నెలలుగా.

ఊరంతటి గుండెలూ చదివానని గర్వపడే మనిషి, కండరం మాట వినడానికి కట్టిన పెట్టెలో కండరం నోరు నొక్కేసే మీట వేసింది. ముసలాయన కాగితం నర్సు చేతిలో పెట్టి, హాజరుపట్టీలో సంతకం కూడా పెట్టకుండా, రోడ్డెక్కి ఆటో ఎక్కింది.

ఇంటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. నూకరత్నం మొగుడికి గడ్డం గీసి, ఉతికిన చొక్కా తొడిగి, ముక్కు గొట్టంలో రాగిజావ పోస్తోంది. మంచం కింద ఆసుపత్రికి తీసుకెళ్ళే సంచి కట్టి ఉంది.

“తొందరగా వొచ్చేసినావేటి వదినా? మంచిదే అయింది. ఈయన దుప్పటి ఏది పెట్టమంటావు, నీలందా, గళ్ళదా?”

పక్కగదిలోకి పిలిచి చెబుదామని దారంతా అనుకుంది వరహాలమ్మ. గుమ్మం దాటగానే మనసు మార్చుకుంది. వాడి గురించి వాడి చాటున నడిపింది చాలు. మంచం పక్కన నేలమీద కూర్చుని, వాడికి వినబడేట్టు, నూకరత్నానికి చెప్పింది. ‘తోడు’ గురించి, మర గురించి, తొంభై నాలుగు గురించి, నిన్నటి ‘అవును’ గురించి.

నూకరత్నం చేతిలో జావగిన్నె వంగి, చుక్కచుక్కగా కొత్త చొక్కా మీద పడుతోంది. చూసుకోలేదు.

“మొన్న పెళ్ళిరోజుకి నాకోసం ఆరుగురిని అవుట్ సేసినాడు...”

“అది తోడే.”

“నాను దిష్టి తీసినాను వదినా! ఎర్రనీళ్ళు తిప్పి దిష్టి తీసినాను. మిషన్‌కా?” గిన్నె కింద పెట్టేసింది. “నీకు మనసెలా ఒప్పిందే? నా మొగుడితో నాను మాటాడతన్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. నీ పెట్టెతో మాటాడించినావా నన్ను?”

వరహాలమ్మ ఆ తిట్లన్నీ తిన్నది. నూకరత్నం ఆయాసంతో ఆగాక, “ఇంకో తప్పుంది. అది ఇంకా పెద్దది,” అని పెట్టె ఒళ్ళోకి తీసుకుని, మరను సున్నాకు తిప్పి, గోటితో నల్ల టేపు పీకి, మీటను పైకి లేపింది.

తెరమీద చదునుగా ఉన్న రెండు గీతలూ ఒళ్ళు విరుచుకున్నట్టు లేచాయి. క్షణానికోసారి పొడుచుకు వచ్చే ముల్లు గుండెది, అది ఆమెకు నిద్రలో చూపించినా తెలుసు. దాని మధ్యలో చీమలు పాకినట్టు సన్నటి అలికిడి.

“గౌరీశూ... నీ పేరు గౌరీశేనా?”

రెండు గుండె ముళ్ళు దాటాయి. మూడు దాటాయి. అప్పుడు కుడి గీత మీద చీమలన్నీ ఒక్కచోటికి పరిగెత్తినట్టు దట్టంగా వణికి, తగ్గింది.

నూకరత్నం తెర దగ్గరికి వంగింది.

“నువ్వు పుట్టింది విశాఖపట్నంలోనా?” ఎడమ గీత వణికింది. “నూకరత్నాన్ని నాకు చెప్పకుండా సినిమాకు తీసుకెళ్ళావా, పెళ్ళికి ముందు?” కుడి గీత. ఇదంతా తన భ్రమ కాదని రుజువు కావాలి వరహాలమ్మకు. ఆమె ఒక ప్రశ్న వెతికింది. “నేను చేసే చేపల పులుసు బాగుంటుందా?”

ఎడమ గీత ఒకసారి కాదు, రెండుసార్లు వణికింది.

నూకరత్నం ఫక్కుమని నవ్వి, ఆ నవ్వులోనే వెక్కిళ్ళు పెట్టింది. “ఆయనే! వదినా, ఈయన ఆయనే!” అంటూ మొగుడి నుదురంతా ముద్దులు పెట్టేసింది. వరహాలమ్మ కూడా ఏడ్చింది. వాడు ఉన్నాడు. ఎనిమిది నెలలుగా లోపల్నుంచి తలుపు బాదుతూనే ఉన్నాడు.

అప్పుడు అడగక తప్పని ప్రశ్న అడిగింది. “ఆట ఆడుతున్నది నువ్వు కాదని నీకు తెలుసా?”

కుడి గీత. అవును.

“మొదట్నుంచీనా?”

అవును.

అంటే కళ్ళకు టేపులు వేసి టీవీ ముందు పడుకోబెట్టి, వాడికి బదులు ఇంకొకడు గెలుస్తుంటే ఎనిమిది నెలలు చూపించారన్నమాట. పక్కన పెళ్ళాం చప్పట్లు కొడుతుంటే. నేను కాదు, నేను కాదు అని అరవడానికి వాడికి మిగిలిన ఒకే ఒక్క దారిని మీట వేసి మూసేసి.

“నామీద కోపమారా?”

అవును, అంది కుడి గీత. వెంటనే, ఆలోచించకుండా. వరహాలమ్మ తల వంచుకుంది. ఆ కోపం ఆమెకు దక్కాల్సిందే. వాడి నోటి నుంచి దక్కినందుకు ఒక పక్క ప్రాణం లేచివచ్చింది కూడా.

టైము రెండు దాటింది. పది నిమిషాలు వాడికి విశ్రాంతి ఇచ్చి, వరహాలమ్మ మంచం అంచున కూర్చుని, తొందరపడకుండా అంతా చెప్పింది. గొట్టం అంటే ఏమిటో, పెడితే ఎలా ఉంటుందో, పెట్టకపోతే ఎన్నాళ్ళో, నొప్పి తెలియకుండా మందు ఇస్తారనీ. ఒక్క ముక్క దాచలేదు. గొట్టం పెట్టమంటావా అని అడిగింది.

ఎడమ గీత.

ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ అడిగింది. ఎడమ గీత. చేతుల మీది బిళ్ళలు పీకి, కొత్తవి అంటించి, ప్రశ్న తిరగేసి అడిగింది. “గొట్టం లేకుండా ఉంచెయ్యమంటావా?” ఈసారి కుడి గీత వణికింది.

“ఒద్దొద్దు,” అంది నూకరత్నం లేచి. “ఇది సరిగ్గా లేదు. నిన్నటిది పెట్టు వదినా. తోడు పెట్టు.”

“నూకరత్నం...”

“అదీ ఆయనే గదా! ఆయన దగ్గరే నేర్సుకుంది గదా ఆటంతా! రెండేళ్ళు సూసి నేర్సుకుంది. ఒక్కనాడైనా ఎనక్కి తగ్గినాడా ఆయన? ఈ వేళ నీరసంగా ఉన్నాడు, ఒద్దంటన్నాడు. బలంగా ఉన్ననాడు ఏటనీవోడో అది తోడుకి తెలుసు. నువ్వే గదా సెప్పినావు!” చేతులు పట్టుకుంది. “నీకు దణ్ణమెడతాను. ఆ మర తిప్పీ. నాను ఎవుళికీ సెప్పను.”

వరహాలమ్మ చెయ్యి మర మీదికి వెళ్ళింది. నూకరత్నం అడిగినందుకు కాదు. ఆమెకూ అదే కావాలి. ఏడేళ్ళ వాణ్ణి ఒళ్ళో వేసుకుని పెంచింది వారం రోజుల్లో సాగనంపడానికా? కాగితం మీద ‘అవును’ అని నిన్ననే రాసి ఉంది. ఇంతకుముందు ఒక్కో గీత తిప్పిన చెయ్యే. ఇంకొక్కసారి తిప్పితే తమ్ముడు బతుకుతాడు. వాడు కాదని ఎంత వణికినా మళ్ళీ ఎవరికీ వినబడదు.

వినబడదు. ఆ మాట దగ్గర ఆమె ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

“నువ్వే అడుగు,” అంది. “వాడు నీకేం చెబితే డాక్టరుకు అదే చెబుదాం. నేను నోరెత్తను.”

నూకరత్నం మొగుడి ఎదురుగా, వాడి చూపు నిలిచే చోట, టీవీకి పక్కగా కూర్చుంది. రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. గొట్టం గురించి అడుగుతుందనుకుంది వరహాలమ్మ. ఆ పిల్ల అడిగింది అది కాదు.

“నన్నొగ్గేసి ఎలిపోతావా?”

గుండె ముళ్ళు గబగబా వస్తున్నాయి. ఎడమ గీత వణికింది. కాదు.

“ఎలిపోడంట! వదినా, ఉంటానన్నాడు!” అని గిర్రున తిరిగి చూసి, మళ్ళీ వాడి వైపు వంగింది. “మరైతే గొట్టం ఎట్టించుకుంటావు గదా?”

ఎడమ గీత. కాదు.

“అది లేపోతే ఎలిపోతావు. మరి ఎలిపోతావా?”

కాదు.

“ఎట్టించుకుంటావా?”

కాదు.

ఆ తరవాత ఎన్నిసార్లు అడిగిందో వరహాలమ్మ లెక్కపెట్టలేదు. ఒకసారి ఇదీ, ఒకసారి అదీ. ప్రతిసారీ అదే గీత. గొట్టం వద్దు. నిన్ను వదిలి వెళ్ళనూ వద్దు. ఒకదానికొకటి పొసగదని వాడికి తెలియక కాదు. పెట్టెలో ఉన్నవి రెండే మాటలు. వాడు రెండు ప్రశ్నలకూ నిజమే చెబుతున్నాడు. నూకరత్నం గొంతు పోయి గుసగుసలోకి దిగాక, అడగడం మానేసి వాడి అరచేతిలో మొహం పెట్టుకుంది.

వీధిలో అంబులెన్సు ఆగింది. డాక్టర్ హైమవతి చెప్పులు విప్పి లోపలికి వస్తూనే, “రెడీయేనా? స్ట్రెచరు తెమ్మంటాను,” అంది.

వరహాలమ్మ నోరు తెరిచింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి మూసుకుంది. నూకరత్నం లేవలేదు, మొగుడి చెయ్యి వదల్లేదు.

“గొట్టం ఒద్దంట మేడంగారూ.”

“నిన్న మూడుసార్లు అడిగాం కదమ్మా. మీరే చూశారు.”

“నిన్నంది ఆయన కాదు.” ముక్కు చీదుకుని, జావ మరకలున్న చొక్కా సర్దింది. “ఇప్పుడన్నాడు. శానాసార్లు అన్నాడు. ఎలిపోడం కూడా ఒద్దంటన్నాడు. అది రాసుకోడానికి మీ కాయితంలో సోటుందా?”

డాక్టరు కాగితం వైపు చూసింది, వరహాలమ్మ వైపు చూసింది. తరవాత సంచి కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. బయట డ్రైవరు ఇంజను ఆపేశాడు.

ఇంక ఎవరూ ఏమీ అడగలేదు. తెరమీద ఎడమ గీత మాత్రం వణుకుతూనే ఉంది.